మెషీను కన్నా ముందు చీకటిగది

హైదరాబాదు రాంనగర్‌లో మా స్క్రీన్ ప్రింటింగ్ షాపు ఉన్న మడిగె వెడల్పు పదకొండు అడుగులు, లోతు ఇరవై ఆరు. ముందు కౌంటరు, మధ్యలో రెండు అచ్చు బల్లలు, వెనుక ఆరడుగుల చీకటిగది, దాని పక్కన స్క్రీన్లు కడిగే బాత్రూము ఉన్నాయి. 2024లో మేనల్లుడితో కలిసి హైటెక్స్‌లో ఒక యంత్రాల ప్రదర్శన చూసి వచ్చిన రాత్రి, ఈ కొలతలన్నీ కాగితం మీద గీసి, ఆరు రంగుల ప్రెస్సు ఎక్కడ పడుతుందా అని ఇద్దరం పెన్సిలుతో వెతికాము. కౌంటరు తీసేస్తే పడుతుందని తేలింది. "కౌంటరు ఎందుకు మామయ్యా, ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే కదా వచ్చేది" అన్నాడు వాడు. ఆ మాటలో నిజం ఉంది గనుకనే ఆ వారంలోనే అడ్వాన్సు కట్టడానికి సిద్ధపడ్డాను. కానీ కట్టలేదు. ఎందుకు కట్టలేదో, ఆ డబ్బును ఏ వరుసలో ఎక్కడ పెట్టామో ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇదే ప్రశ్నను ఈ మధ్య నలుగురైదుగురు తోటి షాపులవాళ్లు నన్ను అడిగారు. ఈ పని తెలియనివారికి ముందు ఒక మాట: స్క్రీన్ అంటే ఫ్రేముకు బిగించిన సన్నని జాలీ బట్ట, దాన్నే మెష్ అంటాము. చీకటిగదిలో దానికి వెలుతురు తగిలితే గట్టిపడే ఎమల్షన్ పూసి, బొమ్మను నల్లగా తీసిన కాగితం లేదా ఫిల్మ్ (పాజిటివ్) అడ్డుపెట్టి వెలుతురు చూపుతాము (ఎక్స్‌పోజింగ్). కడిగితే బొమ్మ ఉన్నచోట మాత్రమే సిరా దిగే దారి మిగులుతుంది, అదే స్టెన్సిల్. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాలి. ఇక నేను చెప్పేది ఒక్కటే: చిన్న స్క్రీన్ ప్రింటింగ్ షాపులో తప్పులు అచ్చు బల్ల దగ్గర బయటపడతాయి గానీ అక్కడ పుట్టవు, చాలా వరకు చీకటిగదిలో పుడతాయి. అందుచేత డబ్బు కూడా వెనుక గది నుంచి ముందు గదికి నడవాలి.

నేను ఈ పని నేర్చుకున్నది ఛత్తా బజార్‌లో, పెళ్లి కార్డులు వేసే ఒక ఉస్తాద్ దగ్గర. అప్పట్లో మా పనంతా కాగితం మీదే. ఇప్పుడు కార్డు చాలామందికి ఫోనులోనే చేరిపోతోంది గనుక, అచ్చు కార్డులు పెద్దలకు పసుపు బొట్టు పెట్టి ఇవ్వడానికి ఎన్ని కావాలో అన్నే వేయిస్తున్నారు. ఆ లోటును టీషర్టులు పూడ్చాయి: వినాయక మండపాల యువకులు, ఇంజనీరింగ్ కాలేజీల ఉత్సవాలు, మాదాపూర్ వైపు ఐటీ కంపెనీల టీములు. దుకాణాల సంచుల పని కూడా కొంత కలిసింది. నాన్‌వోవెన్ సంచి చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గకూడదన్న నిబంధన 2021 సెప్టెంబరు 30 నుంచి వచ్చిన తరువాత, పలచని సంచులు తెచ్చి అచ్చు వేయమనేవారు తగ్గి, కాస్త మందమైనవీ బట్ట సంచులూ తెచ్చేవారు పెరిగారు. పని పెరిగిన మాట నిజమే గనుక, పెద్ద ప్రెస్సు ఆలోచన రావడంలో తప్పులేదు.

ప్రదర్శనలో మమ్మల్ని మురిపించినది ఏమిటో తరువాత తీరికగా ఆలోచిస్తే బోధపడింది. అక్కడి యువకుడు నిమిషానికి రెండు టీషర్టులు దించుతున్నాడు. రంగు రంగు మీద వెంట్రుకవాసి తేడా లేకుండా పడుతోంది. అయితే ఆ ప్రెస్సుకు తొడిగినవన్నీ కొత్త అల్యూమినియం ఫ్రేములు, డోలు చర్మంలా బిగిసిన మెష్. స్క్రీన్లు ఎక్కడో మంచి ఎక్స్‌పోజింగ్ యూనిట్ మీద చేసి తెచ్చినవి. పక్కనే ఎనిమిది అడుగుల కన్వేయర్ డ్రయ్యరు, అచ్చు వేసిన చొక్కాలను ఒకవైపు మింగి మరోవైపు ఆరబెట్టి వదులుతోంది. మేము చూసింది మొత్తం వరుసను, ధర అడిగింది అందులో ఒక్క ప్రెస్సుకు. మా ఊళ్లో దీన్నే నాడా దొరికిందని గుర్రం కొనడం అంటారు. మా విషయంలో నాడా కూడా ఇంకా చేతికి రాలేదు.

అడ్వాన్సు కట్టేముందు మూడు నెలలు ఒక నోటుపుస్తకం రాద్దామని నేను పట్టుబట్టాను. 2024 ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, అంటే వినాయక చవితికీ దసరాకూ వచ్చే రద్దీ అంతా అందులో పడేటట్లు, ప్రతి ఆర్డరుకూ ఎన్ని ముక్కలు, ఎన్ని రంగులు, స్క్రీన్ల తయారీకి ఎంతసేపు, అచ్చుకు ఎంతసేపు, పాడైనవి ఎన్ని, ఎందుకు పాడయ్యాయి అని రాశాము. మొత్తం 46 ఆర్డర్లు, 5,180 ముక్కలు. పాడైనవి 231. వాటిలో రంగులు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోక పోయినవి 96, స్టెన్సిల్‌లో పిన్‌హోల్స్ (సూదిమొనంత రంధ్రాలు) పడి లేదా ఎమల్షన్ ఊడి పోయినవి 61, క్యూరింగ్ (సిరాను వేడితో గట్టిపరచడం) చాలక లేదా ఎక్కువై పోయినవి 48, మిగిలిన 26 మా చేతి పొరపాట్లు, దూది పోగులు, ఒకసారి అంచు మీద ఒలికిన టీ. తిరుపూరు నుంచి తెప్పించే చొక్కా మాకు 140 రూపాయలు పడుతుంది గనుక, బట్ట నష్టమే 32 వేలు దాటింది. ఆర్డర్ల పరిమాణం మాత్రం నేను అనుకున్నదానికి పూర్తిగా భిన్నంగా ఉంది: 46లో 31 ఆర్డర్లు వంద ముక్కల లోపువే. మనసులో మాత్రం నేను ఎప్పుడూ వెయ్యి ముక్కల ఆర్డర్లు వేసేవాడినే.

ఇక సమయం లెక్క. అరవై చొక్కాలు, మూడు రంగుల ఆర్డరు ఒకటి తీసుకుందాం, ఎందుకంటే మా షాపుకు అదే సగటు మనిషి. పాజిటివ్‌లు తీయడానికి 20 నిమిషాలు, మూడు స్క్రీన్లు పన్నెండేసి నిమిషాల చొప్పున ఎక్స్‌పోజ్ చేయడానికి 36, కడగడానికి 30, ఆరబెట్టడానికి 30, పిన్‌హోల్స్ పూడ్చడానికి 15, బల్ల మీద రిజిస్ట్రేషన్, అంటే రంగు మీద రంగు సరిగా కూర్చునే అమరిక, కుదర్చడానికి 45. అంతా కలిపి 176 నిమిషాలు. అచ్చు వేయడానికి పట్టినది 70 నిమిషాలు. ఇప్పుడు రెట్టింపు వేగం గల ప్రెస్సు తెచ్చామే అనుకుంటే, ఆ 70 కాస్తా 35 అవుతుంది. మొత్తం 246 నిమిషాల పనిలో మిగిలేది ఆ 35 నిమిషాలే, అంటే ఏడో వంతు. ఆ ఏడో వంతు కోసం కౌంటరు తీసేసి, దాదాపు ఐదు లక్షల అప్పు చేయడానికి నేను సిద్ధపడ్డాను.

దీనికి ఒక జవాబు ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. వెయ్యి ముక్కల ఆర్డరైతే తయారీ సమయం అంతే ఉండి, అచ్చు సమయం పెరుగుతుంది గనుక, ప్రెస్సు వేగానికి విలువ వస్తుంది. నిజమే. కానీ అక్కడ మరో గుమ్మం అడ్డం వస్తుంది. మా దగ్గర చొక్కాలను క్యూర్ చేసేది హీట్ ప్రెస్సు. ఒక్కో చొక్కా దాని కింద నలభై సెకన్లు ఉండాలి, పెట్టి తీయడానికి మరో ఇరవై. గంటకు అరవై కన్నా మించి అది మింగలేదు. ప్రెస్సు గంటకు నూట ఇరవై వేసినా, మిగతా అరవై తడి చొక్కాలు ఆ పదకొండడుగుల గదిలో తీగలకు వేలాడుతూ, ఒకదానికొకటి అంటుకుంటూ ఉండాలి. సన్న మూతి సీసాకు పెద్ద గరాటు పెట్టినా నూనె దిగేది మూతి కొలదే.

ఇప్పుడు ఆ 96 చొక్కాల సంగతి. రంగులు కుదరకపోతే ఇరవై ఏళ్లుగా నేను తిడుతూ వచ్చింది బల్లను. క్లాంపులు అరిగాయి, కీళ్లు వదులయ్యాయి, కొత్తది కావాలి అని. నోటుపుస్తకం రాస్తున్నప్పుడు ఒకరోజు మూడు రంగుల పాజిటివ్‌లను ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురులో చూశాను. అవే ఒకదానితో ఒకటి కలవడం లేదు. మేము వాడేది లేజర్ ప్రింటరులో తీసిన ట్రేసింగ్ పేపరు. ప్రింటరు లోపలి వేడికి కాగితం కొద్దిగా ముడుచుకుంటుంది, ఒక్కో కాగితం ఒక్కోలా ముడుచుకుంటుంది. పన్నెండు అంగుళాల బొమ్మలో అంచు దగ్గర ఒక మిల్లీమీటరు తేడా రావడానికి అది చాలు. అలా తప్పు పుట్టిన తరువాత బల్ల ఎంత గొప్పదైనా ఏం చేస్తుంది? కచ్చితమైన ప్రెస్సు ఆ తప్పును మరింత కచ్చితంగా ప్రతి చొక్కా మీదా వేస్తుంది. పైగా లేజర్ నలుపు వెలుతురును పూర్తిగా ఆపదు గనుక, బొమ్మ మూసుకుపోతుందన్న భయంతో ఎక్స్‌పోజింగ్ సమయం తగ్గిస్తూ వచ్చాము; తగ్గించినందుకు ఎమల్షన్ గట్టిపడక, నూరో చొక్కా దగ్గర ఊడడం మొదలుపెట్టేది. 61 చొక్కాల పద్దులో కొంత భాగం కూడా ఆ ట్రేసింగ్ పేపరుదే.

మిగిలిన దోషి మెష్. మా ఫ్రేములన్నీ చెక్కవి, చేత్తో లాగి మేకులు కొట్టినవి. బిగువు కొలిచే టెన్షన్ మీటరు ఒకటి అరువు తెచ్చి పెట్టి చూస్తే, మంచివనుకున్నవే సెంటీమీటరుకు పదకొండు, పన్నెండు న్యూటన్ల దగ్గర ఉన్నాయి, పాతవి ఎనిమిది. యంత్రంతో బిగించిన అల్యూమినియం ఫ్రేము ఇరవై పైన ఉంటుంది. మెష్ వదులుగా ఉంటే స్క్వీజీ (సిరాను నెట్టే రబ్బరు పలక) లాగినప్పుడు దానితోపాటు బొమ్మ కూడా ముందుకు సాగుతుంది. అచ్చు తరువాత మెష్ బట్టను వెంటనే వదలదు గనుక ఫ్రేమును మరింత ఎత్తులో పెట్టవలసి వస్తుంది. ఎత్తు పెట్టిన కొద్దీ సాగుడు ఎక్కువవుతుంది. వానాకాలంలో చెక్క కూడా మెలిక తిరుగుతుంది. మూడు ఫ్రేములు మూడు రకాల వదులుతో ఉంటే మూడు రంగులు మూడు దారులు పడతాయి. మా దగ్గర పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న ప్రింటరు ఏ ఫ్రేము ఎంత సాగుతుందో గుర్తుపెట్టుకుని చేతి బరువు మార్చి సరిచేసేవాడు. నేను దాన్ని నైపుణ్యం అని మెచ్చుకుంటూ వచ్చాను. అతని భుజం నొప్పికి కారణం కూడా అదేనని ఆ మీటరు చూసిన తరువాతే తట్టింది.

అందుకని మొదట కొన్నవి ఇరవై అల్యూమినియం ఫ్రేములు. చొక్కాలకు సెంటీమీటరుకు 43 పోగుల మెష్, సన్న గీతలకు 77, కార్డులకు 120. మనలో చాలామంది అంగుళం లెక్కలో అడుగుతారు గనుక, వాటిని 110, 195, 305 అని చదువుకోవచ్చు. రెండోది, ఇంక్‌జెట్‌లో ఫిల్మ్ తీయడానికి ఒక ప్రింటరు. ఈ రెండింటికీ కలిపి అయిన ఖర్చు, ప్రదర్శనలో చెప్పిన ధరలో పదో వంతు కన్నా కొంచెం ఎక్కువ. షాపుకు వచ్చినవారెవరూ వాటిని చూసి "కొత్త మెషీను తెచ్చారా?" అని అడగలేదు.

హైదరాబాదులో మా పనికి ఒక విచిత్రమైన ఇబ్బంది ఉంది. చొక్కాల రద్దీ ఎక్కువగా ఉండేది వినాయక చవితికి. అది వచ్చేది వానలు ముసురుపట్టే రోజుల్లో. 2024లో చవితి సెప్టెంబరు 7న వచ్చింది, 2025లో ఆగస్టు 27న. ఆ రోజుల్లో గాలి తడిగా ఉంటుంది, కోటింగ్ వేసిన స్క్రీన్ రాత్రంతా ఫ్యాను కింద పెట్టినా తెల్లవారి వేలికి జిగటగా తగులుతుంది. ఫ్యాను గాలిని కదిలిస్తుందే తప్ప అందులోని తేమను తీసివేయదు. లోపల తడి మిగిలిన ఎమల్షన్‌కు వెలుతురు చూపితే అది సరిగా గట్టిపడదు. కడిగేటప్పుడు సగం, అచ్చులో సగం పోతుంది. మేము ఏటా ఆ నెలలో ఎమల్షన్ డబ్బాను తిట్టి, కంపెనీ మార్చేవాళ్లం. పరిష్కారం ప్లైవుడ్ బీరువా ఒకటి చేయించడం: లోపల అడ్డ పట్టీలు, అడుగున సన్నని హీటరు, చిన్న ఫ్యాను, తేమను లాగే యంత్రం, తలుపుకు తేమ కొలిచే మీటరు. వేడి 40 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి, దాటితే ఎమల్షన్ వెలుతురు చూడకముందే పాడవుతుంది. ట్రూప్ బజార్‌లో సామాను కొని, మా వీధి వడ్రంగి చేత కట్టించిన ఆ బీరువా, ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కొనుగోలు. తడి స్క్రీన్ గంటన్నరలో గలగలలాడేలా ఆరుతుంది. దాని మీద బ్రాండు పేరు లేదు, కిస్తీ లేదు.

తరువాత ఎక్స్‌పోజింగ్. పాతది ట్యూబ్‌లైట్ల పెట్టె. పైన గాజు, గాజు మీద పాజిటివ్, దాని మీద స్క్రీన్, లోపల స్పాంజి, దాని మీద బరువుకు ఇటుకలు. ట్యూబుల వెలుతురు అన్ని దిక్కుల నుంచీ వచ్చి ఫిల్మ్ అంచు కిందికి దూరుతుంది. ఫిల్మ్ ఎమల్షన్‌కు గట్టిగా ఆనకపోతే ఇంకా ఎక్కువ దూరుతుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలు వేసుకునేవారికి ఇది పెద్ద బాధ కాకపోవచ్చు. తెలుగు అచ్చు వేసేవాడికి మాత్రం ప్రాణాంతకం. మన అక్షరాల్లో ద కూ ధ కూ, ప కూ ఫ కూ మధ్య ఉన్న తేడా అడుగున ఒక చిన్న గీత. పెళ్లి కార్డు మీద పది పాయింట్ల అక్షరంలో ఆ గీత వెంట్రుకంత ఉంటుంది. వెలుతురు దాని కిందికి దూరితే గీత మాయమై, పెళ్లికూతురు మాధవి కాస్తా మాదవి అవుతుంది. ఒకసారి అలా అయిన కార్డులు నాలుగు వందలు తిరిగి వేసి ఇచ్చాను. వధువు తాతగారు తెలుగు పండితులు, ఒక్కమాట కూడా కోపంగా అనకుండా కార్డు మీద ఎర్ర సిరాతో ఆ గీతను దిద్ది నా చేతికిచ్చారు. వాక్యూమ్ ఉన్న ఎల్‌ఈడీ యూనిట్ వచ్చాక ఫిల్మ్ ఎమల్షన్‌కు అతుక్కుపోతుంది, వెలుతురు నేరుగా పడుతుంది. పన్నెండు నిమిషాల పని మా ఎమల్షన్‌కు ఇప్పుడు ఒకటిన్నర నిమిషం. అయితే కొత్త యూనిట్ వచ్చిన మొదటి రోజే స్టెప్ టెస్టు (ఒకే స్క్రీన్ మీద రకరకాల సెకన్లు వెలుతురు చూపి పోల్చుకోవడం) వేసి, ఏ మెష్‌కు ఎన్ని సెకన్లో గోడ మీద రాసి పెట్టుకోకపోతే, కొత్త యంత్రం మీద పాత అందాజాలే నడుస్తాయి.

ఎమల్షన్ మార్పు గురించి ఒక పక్క మాట. ఉస్తాద్ దగ్గర మేము వాడింది బైక్రోమేట్, అంటే వెలుతురుకు గట్టిపడే గుణం రావడానికి ఎమల్షన్‌లో కలిపే క్రోమియం ఉప్పు. చవక, త్వరగా దొరికేది, పని కూడా బాగానే చేసేది. ఆయన వేళ్లు ఎప్పుడూ పసుపుగా ఉండేవి. వేళ్ల సందుల్లో చిన్న గుంటలుగా పుళ్లు పడి ఏళ్ల తరబడి మానేవి కావు. ఆ క్రోమియం క్యాన్సర్ కలిగించే రకమని మాకు అప్పుడు చెప్పినవారు లేరు; తెలిసినవారు చెప్పలేదు. ఇప్పటికీ చిన్న షాపుల్లో అది వాడేవారున్నారు. అప్‌గ్రేడ్ అనే మాట ఎక్కడ మొదలవ్వాలని నన్ను అడిగితే, ఏ లెక్కా వేయకుండా ఇక్కడే అంటాను: బైక్రోమేట్ పారేసి దాని బదులు కలుపుకునే డయాజో మందు గానీ, కలపనక్కరలేని రెడీమేడ్ ఎమల్షన్ గానీ వాడడం, చేతులకు తొడుగులు, థిన్నరు వాసన బయటికి లాగే ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను. వీటివల్ల ఎంత మిగిలిందని నోటుపుస్తకంలో రాయడానికి గడి లేదు, ఉండనక్కరలేదు కూడా.

క్యూరింగ్ విషయంలో నా తప్పు నేను ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక యువజన సంఘానికి నిమజ్జనం కోసం రెండు వందల చొక్కాలు వేశాను, నల్ల బట్ట మీద తెలుపు, కాషాయం. నిమజ్జనం రోజంతా వానలో, రంగుల్లో, డప్పుల మధ్య ఆ చొక్కాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. మొదటి ఉతుకుకు వినాయకుడి తొండం పొట్టులా లేచింది. ప్లాస్టిసాల్ సిరా నీళ్లు ఆరిపోయినట్లు ఆరేది కాదు. పొర మొత్తం దాదాపు 160 డిగ్రీలకు చేరితేనే లోపలి కణాలు కరిగి ఒకటవుతాయి. అంతకన్నా తక్కువ వేడికే పైన చేతికి అంటడం మానేస్తుంది, మనం అయిపోయిందనుకుంటాం. మేము హడావిడిలో నలభై సెకన్లను ఇరవై ఐదు చేశాం. సంఘం పిల్లలు చొక్కాలు మూట కట్టి తెచ్చి కౌంటరు మీద పెట్టారు, డబ్బు తిరిగి ఇచ్చాను, మరుసటి ఏడు వాళ్లు రాలేదు. ఈ దెబ్బకు మందు లక్షల్లో లేదు: వేడికి రంగు మారే పట్టీలు, వేడిని దూరం నుంచి చూపే గన్ను ఒకటి, ప్రతి ఆర్డరులో ఒక చొక్కాను ఉతికి చూడాలన్న నియమం. గన్ను చూపేది పైపొర వేడిని మాత్రమే గనుక దాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. ఉతుకుడే చివరి తీర్పు.

ఇక అప్పు. బ్యాంకులో ముద్ర రుణం ఇస్తామన్నారు. 2015లో ఆ పథకానికి పేరు పెట్టినవారికి అచ్చువేసేవాళ్లు గుర్తున్నారో లేదో గానీ, మాకు అంతకన్నా తగిన పేరు లేదు. 50 వేలు దాటి 5 లక్షల దాకా ఉన్నదాన్ని కిశోర్ అంటారు, తాకట్టు అడగరు. 5 లక్షలు, 12 శాతం వడ్డీ, 36 నెలలు అనుకుంటే నెలకు దాదాపు 16,600. వినాయక చవితి నెలలో అది పెద్ద మొత్తం కాదు. కానీ కిస్తీకి ఆషాఢం తెలియదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, కాలేజీలు అప్పుడే తెరుచుకుని ఉంటాయి, బోనాలకు కొన్ని చొక్కాలు, కొన్ని బ్యానర్లు తప్ప మా వీధిలో అచ్చు పనే ఉండదు. మంచి నెల చూసి అప్పు లెక్క వేసేవాడు ఆ మంచి నెలలోనే బతకాలి. నేను పెట్టుకున్న నియమం మొరటుది: ఆషాఢంలో వచ్చే ఆదాయంలో అద్దె, జీతాలు, కరెంటు పోగా మిగిలేదానిలో సగానికి మించి కిస్తీ ఉండకూడదు. ఆ లెక్కన మాకు ఐదు లక్షలు తగవు, లక్షన్నర తగుతుంది. కాంపోజిషన్ పద్ధతిలో (అమ్మకాల మీద చిన్న శాతంగా) జీఎస్టీ కట్టేవారు మరొకటి గుర్తుంచుకోవాలి: యంత్రం మీద కట్టిన పన్ను తిరిగి సర్దుబాటు కాదు గనుక, వారికి బిల్లు మొత్తం యంత్రం ధరే.

ఎన్నికల ఆశ గురించి కూడా చెప్పాలి. 2023 నవంబరు 30న అసెంబ్లీ పోలింగు, 2024 మే 13న లోక్‌సభ పోలింగు. ఆ ఆరునెలలూ కండువాలు, టోపీలు, జెండాలు వేసినవారు రాత్రీపగలూ వేశారు. అప్పుడు ఆటోమేటిక్ ప్రెస్సు ఉంటే ఎంత బాగుండేదని నేనూ అనుకున్నాను. పోలింగు అయిన మరునాడు ఆ పని కుళాయి కట్టేసినట్లు ఆగిపోతుంది, బాకీలు మాత్రం ఆగవు. ఏడాది పొడవునా ఒకే డిజైను వేల ముక్కలు వేసే పని చేతిలో ఉన్నవారికి, ఉదాహరణకు కాటేదాన్ వైపు బట్టల కంపెనీలకు జాబ్ వర్కు చేసేవారికి, ఆటోమేటిక్ ప్రెస్సు సరైన కొనుగోలే. నేను వాదిస్తున్నది వారితో కాదు.

మా మేనల్లుడి అసలు వాదన ప్రెస్సు గురించి కూడా కాదు, డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్) ప్రింటింగ్ గురించి. ఫిల్మ్ మీద రంగులు, వాటి మీద తెలుపు, దాని మీద జిగురు పొడి, వేడితో చొక్కాకు అంటించడం. స్క్రీన్లు లేవు, రిజిస్ట్రేషన్ లేదు, ఒక్క చొక్కా అయినా వేయవచ్చు. "ఇంకో అయిదేళ్లకు స్క్వీజీ పట్టేవాడే ఉండడు మామయ్యా" అన్నాడు. నేను ఆ యంత్రాన్ని చులకన చేయను. పదిహేను చొక్కాలు, ఏడు రంగులు, రేపటికి కావాలి అని ఎవరైనా వస్తే స్క్రీన్ ప్రింటింగ్ దగ్గర దానికి సమాధానం లేదు. కానీ అక్కడ మొదటి చొక్కాకూ ఐదువందలో చొక్కాకూ ఖర్చు దాదాపు ఒకటే. మా పద్ధతిలో స్క్రీన్ల ఖర్చు ముక్కల మీద పంచుకుపోతుంది గనుక, సంఖ్య పెరిగే కొద్దీ ఒక్కో చొక్కా ఖర్చు దిగుతుంది. పెద్ద తెల్లటి పొర చెమటలో ప్లాస్టరు అంటించినట్లు ఉంటుందని తొడిగినవారే చెబుతారు. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ తెల్ల సిరాలో ఉన్న రంగు పొడి అడుగుకు దిగుతుంది. రోజూ నడపకపోతే సిరా చిమ్మే హెడ్డు మూసుకుపోతుంది. ఆషాఢం మళ్లీ వచ్చింది చూశారా? పని లేని నెలలో కూడా సిరా ఖర్చుచేసి తిప్పవలసిన యంత్రాన్ని, పని ఉందో లేదో తెలియకుండా కొనడం నాకు సమ్మతం కాలేదు. మీటరు లెక్కన ఫిల్మ్ వేసి ఇచ్చేవారు నగరంలో కావలసినంతమంది ఉన్నారు. పాతిక ముక్కల లోపు, మూడు రంగులు దాటిన ఆర్డర్లన్నీ వారికే ఇస్తున్నాము. ఆ బిల్లులన్నీ ఒక ఫైలులో పెట్టమని మేనల్లుడికి చెప్పాను: వరుసగా ఆరు నెలలు, ఆషాఢంతో కలిపి, ఆ బిల్లు మా స్వంత యంత్రం కిస్తీనీ సిరానూ మనిషి జీతాన్నీ దాటితే, నేనే వాడిని వెంటబెట్టుకుని వెళ్లి కొంటాను. ఇప్పటికి రెండు నెలల్లో బిల్లు దాటింది, నాలుగు నెలల్లో దాటలేదు.

ఈ వాదనలో ఒక లోపం ఉంది, దాన్ని మేనల్లుడే పట్టుకున్నాడు. ఐటీ కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఆర్డరు ఇచ్చేముందు షాపు చూస్తానని వచ్చి, చెక్క బల్లలను చూసి, మర్యాదగా నమూనా చొక్కా తీసుకుని వెళ్లిపోయి, మళ్లీ ఫోను చేయలేదు. మెరిసే ప్రెస్సు ఉంటే ఆ ఆర్డరు వచ్చేదేమో. అలా పోయినవి ఎన్నో నా నోటుపుస్తకానికి తెలియదు, ఎందుకంటే రాని ఆర్డరుకు పద్దు ఉండదు. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. పాత బల్లలకు రంగు వేయించి, చొక్కాల నమూనాలను పది ఉతుకుల తరువాత ఎలా ఉన్నాయో చూపేటట్లు గోడకు తగిలించాను. కొంత పనిచేస్తోంది.

2025లో అవే మూడు నెలలు మళ్లీ రాశాము. 52 ఆర్డర్లు, పాడైనవి 88, అందులో రంగులు కుదరనివి 21. అరవై చొక్కాల మూడు రంగుల ఆర్డరుకు తయారీ 176 నిమిషాల నుంచి 95కు వచ్చింది, బల్లలు మాత్రం అవే. అంటే రెట్టింపు వేగం ప్రెస్సు మిగిల్చే 35 నిమిషాలకు బదులు, చీకటిగది 81 నిమిషాలు మిగిల్చింది. అచ్చు బల్ల నిజంగా అడ్డంకి అయ్యే రోజు ఇప్పుడిప్పుడే దగ్గరపడుతోంది; కానీ దానికన్నా ముందు హీట్ ప్రెస్సు అడ్డం ఉంది గనుక, తరువాతి వంతు డ్రయ్యరుది. ప్రెస్సు విషయానికి వస్తే, మూసేస్తున్న షాపుల నుంచి పాతది తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. రంగులు మెరుస్తున్నాయా అని చూడకుండా, ఒకే చొక్కా మీద ఒకే స్క్రీనుతో పదిసార్లు వేయించి, గీత లావెక్కిందేమో చూస్తే బేరింగుల సంగతి అదే చెబుతుంది.

డ్రయ్యరు ఆరు కిలోవాట్లు అడుగుతుంది. మా మీటరు సింగిల్ ఫేజు, మూడు కిలోవాట్లు. త్రీఫేజు కోసం విద్యుత్ సంస్థకు దరఖాస్తు, అదనపు లోడుకు డెవలప్‌మెంట్ చార్జీలు, మడిగె యజమాని సంతకం కావాలి. సంతకం గత వారం దొరికింది. కరెంటు పోయినప్పుడు బెల్టు ఆగి లోపలి చొక్కాలు మాడకుండా చేత్తో తిప్పే పిడి ఉన్న మోడలే తీసుకోవాలని ప్రింటరు పట్టుబట్టాడు, అతని మాటే నెగ్గింది. ఆనాటి పెన్సిలు పటం మళ్లీ బయటికి తీశాము. కౌంటరు ఎలాగూ పోతోంది, మేనల్లుడు సంతోషంగానే ఉన్నాడు. అయితే డ్రయ్యరు పొగ గొట్టం పెట్టడానికి మిగిలిన ఒకే గోడ పక్కింటి దర్జీ కిటికీ వైపు ఉంది. ఆయనతో ఇంకా మాట్లాడలేదు.